దగ్గుకి ఛాతీ డాక్టరు దగ్గరికెళ్తున్నారా? జాగ్రత్త, ముందు మా అమ్మ సంగతి చదవండి

దగ్గు, ఆయాసం అని ఇంట్లో పెద్దవాళ్ళని ఊపిరితిత్తుల స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళ కోసం రాస్తున్నా. ఆసుపత్రి పేరు రాయను, విజయవాడలోది అని మాత్రం చెప్తా. ఒకటి ముందే చెప్పాలి, ఆయన నకిలీ డాక్టరు కాదు. ఎండీ పల్మనరీ మెడిసిన్, రిజిస్ట్రేషన్ నంబరు కూడా చూసుకునే వెళ్ళాం. అయినా 22,650 రూపాయలు పోయాయి, దగ్గు మాత్రం పోలేదు.

అమ్మకి 61 ఏళ్ళు. శివరాత్రి దగ్గర్నుంచి పొడి దగ్గు. తెమడ లేదు, జ్వరం లేదు, పడుకుంటే చాలు మొదలు. దగ్గు తెర వచ్చినప్పుడు చీర మార్చుకోవాల్సి వచ్చేదట, ఆ మాట నాతో అనలేదు, చెల్లితో అంది. మిరియాల పాలు, తులసి కషాయం, మెడికల్ షాపు సిరప్పులు అన్నీ అయిపోయాయి. మృగశిర కార్తెకి నాంపల్లి వెళ్ళి చేప మందు వేయిద్దామని మేనత్త పట్టుబట్టింది కానీ, బతికున్న చేపపిల్లని మింగడం నావల్ల కాదని అమ్మ మొండికేసింది. అలా జూన్‌లో ఈ డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం.

ఓపీ 800. లోపల ఉన్నది నాలుగు నిమిషాలు. ఎన్నాళ్ళుగా దగ్గు, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా, ఈ రెండే అడిగారు, స్టెత్ పెట్టారు, పీఎఫ్‌టీ రాశారు. అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరి ఎంత పడుతుందో కొలిచే పరీక్ష, 1,500. అది చేసింది రిసెప్షన్ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి. అమ్మ వయసు, ఎత్తు టైప్ చేసింది, కొలవలేదు, నన్నడిగి వేసింది. గొట్టం నోట్లో పెట్టి ఊదమంది. అమ్మకి అర్థమయ్యేలోపే అయిపోయింది. రెండు సెకన్లు ఊదిందేమో, అంతే. ముక్కుకి క్లిప్ కూడా పెట్టలేదు.

రిపోర్టులో ఊపిరి సామర్థ్యం 61 శాతం అని వచ్చింది, కింద 'రెస్ట్రిక్షన్' అని. డాక్టరు గారు కాగితం చూసి, 'ఊపిరితిత్తులు కుంచించుకుపోతున్నట్టున్నాయి, ఫైబ్రోసిస్ ఏమో చూడాలి, ఇవాళే హెచ్‌ఆర్‌సీటీ చేయించండి' అన్నారు, అంటే ఊపిరితిత్తుల్ని వివరంగా చూపించే సీటీ స్కాన్. ఫైబ్రోసిస్ అనే మాట వినగానే ఇక ఆలోచన ఏముంటుంది, ఫోన్‌లో వెతికితే ఇంకా భయం, అదే బిల్డింగ్‌లో కింది అంతస్తులోకి పరిగెత్తాం. 5,500. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మూడో రోజు సీటీ రిపోర్టు వచ్చింది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని. హమ్మయ్య అనుకున్నాం. ఆయన కూడా మంచిదే అని, 'అయితే ఎలర్జీ అయ్యుంటుంది' అని రక్తపరీక్ష ప్యాకేజీ రాశారు, 7,800. దాంట్లో వంకాయ, వేరుశెనగ, పాలు, బొద్దింక, దుమ్ము, ఏవేవో వరసగా పాజిటివ్. డైట్ షీట్ అని ఒక జిరాక్స్ కాగితం చేతిలో పెట్టారు. వంకాయ బంద్, పల్లీ చట్నీ బంద్, పెరుగు బంద్. మజ్జిగ చుక్క లేనిదే అన్నం పూర్తికాని మనిషి రెండు నెలలు చారన్నంతో లేచి వెళ్ళిపోయింది. ఆ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది తింటే జబ్బు వస్తుందని కాదు, తిన్నప్పుడు నిజంగా ఇబ్బంది ఉంటేనే దానికి అర్థం ఉంటుందని తర్వాత తెలిసింది. వంకాయ తిని అమ్మ ఏనాడూ దగ్గలేదు.

ఇక మందులు. మూడు నెలలకి సరిపడా రోటాక్యాప్స్ (ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చే పొడి మందు క్యాప్సూల్స్), మాత్రలు 4,650, నెబ్యులైజర్ 2,400, అన్నీ కింద వాళ్ళ షాపులోనే. బయట కొనుక్కుంటామంటే 'ఈ కంపెనీది బయట దొరకదు' అన్నారు. వాడే పద్ధతి షాపు కుర్రాడు ఖాళీ క్యాప్సూల్‌తో పది సెకన్లలో చూపించాడు. పొడి మందుని గట్టిగా, లోతుగా లాగాలి, అమ్మేమో టీ ఊదుకుని తాగినట్టు మెల్లగా పీల్చేది, సగం పొడి క్యాప్సూల్‌లోనే ఉండిపోయేది. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలని ఒక్కరూ చెప్పలేదు. నెల తిరిగేసరికి నాలుక మీద తెల్లటి పొర, గొంతు బొంగురు. దగ్గు మాత్రం అలాగే.

ఆగస్టులో మా బావ గుంటూరులో ఇంకో ఛాతీ డాక్టరు గారి దగ్గరికి పంపాడు. చిన్న క్లినిక్, ఓపీ 400. పెద్దాయన ఫైలు పక్కన పెట్టేసి అడిగిన మొదటి ప్రశ్న, 'అమ్మా, బీపీకి ఏం మాత్ర వేసుకుంటున్నారు?' అమ్మ కళ్ళజోడు డబ్బాలోంచి నలిగిన అట్ట తీసిచ్చింది. రామిప్రిల్. ఎప్పుడు మొదలెట్టారన్నారు. సంక్రాంతి తర్వాత మార్చారని అమ్మ చెప్పింది. ఆయన నవ్వి, 'శివరాత్రికి దగ్గొచ్చింది' అన్నారు.

పేరు చివర 'ప్రిల్' వచ్చే బీపీ మాత్రలు, ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటివి, కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. డాక్టర్లందరికీ తెలిసిన పాత విషయమేనట, అడగాలంతే. దాని బదులు టెల్మిసార్టన్ రాశారు. మూడు వారాల్లో సగం తగ్గింది, ఐదో వారానికి అమ్మ రాత్రంతా నిద్రపోయింది. దయచేసి ఇది చదివి బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపేయొద్దు, రాసిన డాక్టరునే అడగండి.

మరి ఆ 61 శాతం? ఆయన పాత రిపోర్టు పైభాగంలో వేలు పెట్టి చూపించారు. ఎత్తు 167 అని ఉంది. మా అమ్మ 147. నేను చెప్పింది సరిగ్గానే చెప్పా, నాలుగు బదులు ఆరు పడింది. మనిషి ఊపిరి ఎంత ఉండాలో మిషను వయసు, ఎత్తు, ఆడా మగా చూసి లెక్కగడుతుంది. ఇరవై సెంటీమీటర్లు ఎక్కువ వేస్తే ఉండాల్సింది పెరిగిపోయి, ఉన్నది తక్కువగా కనిపిస్తుంది. దానికి తోడు సగంలో ఆపేసిన ఊదుడు. అక్కడ పరీక్ష మళ్ళీ చేశారు. గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచారు, ముక్కుకి క్లిప్ పెట్టారు, టెక్నీషియన్ పక్కనే నిలబడి 'ఊదండి ఊదండి ఊదండి, ఇంకా, ఇంకా' అని అరుస్తుంటే బయట కూర్చున్న నాకే ఆయాసం వచ్చింది. అలా మూడుసార్లు. తర్వాత ఊపిరి గొట్టాలు తెరుచుకునేలా చేసే సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ. 88 శాతం. ఉబ్బసమూ లేదు, ఏమీ లేదు.

కాబట్టి వెళ్ళేటప్పుడు బీపీ, షుగరు, కంటి చుక్కలు కూడా, అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళి, అడక్కపోయినా బల్ల మీద పెట్టండి. గ్లకోమా అనే కంటి జబ్బుకి వేసే టిమోలాల్ చుక్కలు ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆయాసం పెంచుతాయట, ఇది ఆ పెద్దాయనే చెప్పారు. పీఎఫ్‌టీ కాగితం మీద ఎత్తు, వయసు అక్కడే చూసుకోండి. ఒక్కసారి ఊదించి పంపిస్తే ఒప్పుకోవద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకి ముందు టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మాకు ఆ మాటే ఎత్తలేదు. తెమడలో రక్తం పడినా, బరువు తగ్గినా, సాయంత్రం జ్వరం వస్తున్నా నాలా నాలుగు నెలలు సిరప్పులతో గడపొద్దు.

విజయవాడ ఆసుపత్రి వాళ్ళని పూర్తి రికార్డులు అడిగితే 'మా దగ్గరే ఉంటాయి' అన్నారు. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది, అది ప్రింట్ తీసి పట్టుకెళ్తే రెండో రోజు ఇచ్చారు. డబ్బులు వెనక్కి ఇమ్మని రాతపూర్వకంగా ఇచ్చాను, లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు. నిన్న వాళ్ళ మేనేజరు ఫోన్ చేశాడు. ఎత్తు విషయం టైపింగ్ మిస్టేక్ అంట, అమ్మగారిని తీసుకొస్తే పీఎఫ్‌టీ ఈసారి ఫ్రీగా చేస్తారంట.