ముందు ఇండిపెండెంట్, వెనక సాలిడ్ యాక్సిల్: పొదలకూరు రాళ్ల బాటల్లో ఏళ్ల తరబడి తిప్పాక నా మాట

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొందామనుకునే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "అన్నా, సాలిడ్ యాక్సిల్ బండి తీసుకోమంటావా, ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నది తీసుకోమంటావా?" అని. సాలిడ్ యాక్సిల్ అంటే ఎడమ, కుడి చక్రాలు రెండూ ఒకే గట్టి దూలానికి బిగించి ఉండటం, ఇండిపెండెంట్ అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగడం. వీడియోలు చూసి వస్తారు కాబట్టి సాలిడ్ యాక్సిల్ లేనిది అసలు ఆఫ్ రోడ్ బండే కాదని సగం మంది ముందే తేల్చేసుకుని ఉంటారు. నేను రెండు రకాలూ వాడాను, ఇప్పటికీ రెండూ ఇంటి ముందు ఉన్నాయి. పొదలకూరు పక్కన నిమ్మతోట, ఇందుకూరుపేట వైపు కౌలుకు తీసుకున్న రొయ్యల గుంటలు, ఈ రెంటికీ మధ్య తారు రోడ్డు, ఇదీ నా తిరుగుడు. ఒకటి పాత జీపు తరహా పెట్రోల్ బండి, ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే, నాలుగు చక్రాలకూ కమాను పట్టీలు. రెండోది డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్, ముందు చక్రాలు విడివిడిగా విష్‌బోన్లు అనే ఊగే చేతుల మీద, వెనక మాత్రం సాలిడ్ యాక్సిల్, కమాను పట్టీలు. ఇసుజు డీ-మ్యాక్స్, హైలక్స్ రెంటిదీ ఈ అమరికే కాబట్టి నాది ఏ కంపెనీదో చెప్పాల్సిన పని లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన పనులకు పికప్ అమరికే సరైనది. చాలామంది దాన్ని అటూ ఇటూ కాని రాజీ అనుకుంటారు, కానీ స్టీరింగ్ ఉండేది ముందు, బరువు పడేది వెనక, ఏ చివర చేసే పనికి తగ్గది ఆ చివర పెట్టారు, అంతే.

సాలిడ్ యాక్సిల్ గొప్పతనం ఎక్కడ కనిపిస్తుందో కూడా చెప్పాలి. తోటకు పోయే దారిలో ఒక వాగు అడ్డం వస్తుంది, నీళ్లుండేది ఏడాదిలో కొన్ని వారాలే గానీ దిగేచోట ఒక పక్క లోతు గాడి, ఎక్కేచోట ఇంకో పక్క బండ. అక్కడ ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గుంతల మీదికి వస్తే మిగతా రెండూ మెరక మీద ఉంటాయి. జీపు అయితే ముందు కుడి చక్రం బండ ఎక్కగానే యాక్సిల్ మొత్తం వాలిపోయి ఎడమ చక్రాన్ని గుంతలోకి నొక్కుతుంది, టైరు నేలను వదలదు, బండి మెల్లగా నడిచి బయటికి వచ్చేస్తుంది. పికప్‌లో ముందు చక్రాలకు ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. విష్‌బోన్ ఎంతవరకు వంగుతుందో అంతవరకే చక్రం కిందికి దిగుతుంది, ఆ తర్వాత గాల్లోనే. రెండు చక్రాలకూ ఇంజన్ బలం పంచే డిఫరెన్షియల్‌కు, ఆ రెంటినీ కలిపి తిప్పించే లాక్ (డిఫ్ లాక్) లేకపోతే ఇంజన్ తిప్పే తిప్పుడంతా గాల్లో ఉన్న టైరుకే పోతుంది, నేల మీద ఉన్నది ఊరికే నిలబడి ఉంటుంది. వెనక డిఫ్ లాక్ గానీ, జారే చక్రానికి బ్రేకు పట్టే ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ గానీ ఉంటే ఈ కష్టం చాలావరకు తీరుతుంది. అవేవీ లేకపోతే, ఆ గుంతలో రెండు రాళ్లు వేసి, రోడ్డు మీద 32 ఉండే టైరు గాలిని 20కి దించి, వాగులోకి ఏటవాలుగా కాకుండా నేరుగా దిగడమే మార్గం. దిగి నడిచి చూసుకునే ఓపిక ఉన్నవాడికి పికప్ కూడా ఆ వాగు దాటుతుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు, బ్రోచర్లో అంకె చూసి ఊరుకుంటారు. సాలిడ్ యాక్సిల్ బండిలో అన్నిటికంటే కిందికి ఉండేది డిఫరెన్షియల్ హౌసింగ్, అది నేలకు ఎంత ఎత్తులో ఉండాలన్నది టైరు సైజు తేలుస్తుంది. పది బస్తాలు వేసినా, నలుగురు ఎక్కినా ఆ ఎత్తు దాదాపు మారదు. మా జీపులో ఆ హౌసింగ్ సరిగ్గా నడిమధ్యన కాకుండా ఒక పక్కకు ఉంటుంది, అది ఏ పక్కో గుర్తుంచుకుంటే చాలు, రాయిని రెండో పక్క నుంచి వదిలేయొచ్చు. ఇండిపెండెంట్ అయితే డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, ఖాళీ బండికి అది మంచి ఎత్తులోనే ఉంటుంది. కానీ బరువుతో దిగుడులో బ్రేకు తొక్కితే ముందు స్ప్రింగులు అణిగి మూతి మొత్తం కిందికి వస్తుంది. మా వైపు బాటల్లో పలుగు రాళ్లు ఎక్కువ, తెల్లగా మెరుస్తూ అంచులు కత్తుల్లా ఉంటాయి. పికప్ కింది రక్షణ రేకు తిప్పి చూపిస్తే దాని మీద గీతలన్నీ ఇట్లా దిగుళ్లలో పడ్డవే. అందుకే ఇండిపెండెంట్ బండికి ఆ రేకు మందంగా ఉందా లేదా అన్నది నేను చాలా గట్టిగా చూస్తాను.

ఇక తారు రోడ్డు, గుంటల గట్టు. ఇక్కడ జీపు గురించి మంచిమాట చెప్పడం కష్టం. ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు యాక్సిల్ గుండా రెండో చక్రానికి పోతుంది, స్టీరింగ్ చేతిలో తన్నుతుంది. యాక్సిల్, హౌసింగ్, చక్రాలు అన్నీ కలిసి ఎగిరే బరువు కాబట్టి వరసగా చిన్న చిన్న గతుకులున్న మట్టిరోడ్డు మీద వేగం పెంచితే టైర్లు నేలను సరిగా తొక్కవు. పికప్ అదే రోడ్డు మీద నిమ్మళంగా పోతుంది, హైవే ఎక్కి నెల్లూరు దాటి పోతున్నప్పుడు టెన్షన్ ఉండదు. నాలాగా రోజులో ముప్పావు వంతు తారు మీదే తిరిగేవాడికి నడుము నొప్పి కూడా లెక్కలోకి వస్తుంది కదా.

వెనక మాత్రం సాలిడ్ యాక్సిల్, కమాను పట్టీలు తప్ప ఇంకోటి నాకు వద్దు. రొయ్యల మేత బస్తాలు వరసగా పేర్చినా చక్రాలు నిటారుగానే ఉంటాయి, టైరు ఒక అంచున అరగదు. పట్టీ విరిగితే ఏ టౌనులోనైనా కమాన్ షాపు ఉంటుంది, సెంటర్ బోల్టు, యూ బోల్టులు, పట్టీ అన్నీ అక్కడే దొరుకుతాయి, సాయంత్రానికి బండి బయట ఉంటుంది. చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ మోసే టిప్పర్లను చూడండి, ముందూ వెనకా యాక్సిల్ దూలాలే, బరువే ప్రధానం అయినచోట ఇప్పటికీ అదే నడుస్తోంది.

అట్లాగని ఇండిపెండెంట్ అంటే బలహీనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. మన సైన్యం వాడిన టాట్రా ట్రక్కులకు మధ్యలో గొట్టంలాంటి వెన్నెముక, దానికి అటూ ఇటూ విడివిడిగా ఊగే అర యాక్సిళ్లు. అమెరికా సైన్యం హమ్‌వీకి నాలుగు చక్రాలూ ఇండిపెండెంటే. మహీంద్రా థార్ ముందు ఇండిపెండెంట్, వెనక సాలిడ్. 2021లో వచ్చిన ఫోర్స్ గూర్ఖా కూడా ముందు ఇండిపెండెంట్‌కు మారింది, పైగా రెండు యాక్సిళ్లకూ డిఫ్ లాకులు పెట్టారు. మారుతి జిమ్నీ మాత్రం ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్‌నే, కాయిల్ స్ప్రింగుల మీద నిలబెట్టుకుంది. కొండబాటలే సరదాగా ఉన్నవాళ్లు, బరువు మోయనివాళ్లు దాన్ని తీసుకుంటే నేను అడ్డు చెప్పను.

పికప్‌లో నన్ను ఇబ్బంది పెట్టింది ముందు యాక్సిల్ షాఫ్టుల రబ్బరు బూట్లు, అంటే జాయింట్లను గ్రీజుతో సహా కప్పి ఉంచే తొడుగులు. సర్కారు తుమ్మ కంప తొక్కి పోయినప్పుడు ముల్లు గుచ్చుకుని బూటుకు చిన్న చీలిక వచ్చింది, పైకి ఏమీ తెలియదు. గుంటల దగ్గర ఉప్పు బురద ఆ చీలిక గుండా లోపలికి పోయి గ్రీజుతో కలిసింది, మలుపు తిప్పినప్పుడల్లా టక టక శబ్దం మొదలైంది, జాయింట్ మొత్తం మార్చాల్సి వచ్చింది. జీపులో కూడా ముందు చక్రాలకు అలాంటి జాయింట్లే ఉంటాయి, కానీ అవి ఇనుప గుండులో భద్రంగా ఉంటాయి, ముల్లు తగలదు. ఇవి కాక బాల్ జాయింట్లు, విష్‌బోన్ బుష్షులు, అవి అరిగితే అలైన్‌మెంట్ పోవడం, టైరు లోపలి అంచు తినేయడం, ఈ ఖర్చులు ఇండిపెండెంట్‌కు ఉంటాయి, ముందే లెక్కేసుకోండి. ఉప్పునీళ్ల దగ్గరికి పోయివచ్చిన రోజు ఏ బండినైనా కిందిభాగం మంచినీళ్లతో కడగాలి, పట్టీల మధ్య తుప్పు కూడా అట్లాగే మొదలవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో పికప్ చూడటానికి పోతే పెయింటు తర్వాత చూడొచ్చు. ముందు ఒక అట్టముక్క పరుచుకుని కిందికి దూరండి, రబ్బరు బూటు మడతలు వేలితో విడదీసి చూడండి, చుట్టుపక్కల గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి. తర్వాత స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఖాళీ స్థలంలో మెల్లగా గుండ్రంగా నడపండి, అద్దాలు దించి వినండి. టక టక వినపడితే రెండు పక్కల జాయింట్ల ఖర్చూ ధరలో తగ్గించమని అడగండి.