బెంగళూరులో వర్క్‌బెంచ్ చేయిస్తున్నారా? బ్యాలెన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

ఇంటి కింద కార్ పార్కింగ్‌లో ఓ మూల వర్క్‌బెంచ్ పెట్టుకుందామనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా కేఆర్ పురం, హొరమావు, రామమూర్తి నగర్ వైపు ఉండే మనవాళ్లకి. "16 గేజ్ ఫ్రేమ్, 19 ఎంఎం మెరైన్ ప్లై, మొత్తం కలిపి 14 వేలు, డోర్ డెలివరీ" అని వాట్సాప్‌లో ఫోటోలు పంపే ఒక వెల్డింగ్ షాపులో చేయించాను. (గేజ్ అంటే ఇనప పైపు గోడ మందం లెక్క, అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. మెరైన్ ప్లై అంటే నీళ్లకి ఆగే ప్లైవుడ్.) షాపు పేరు రాయడం లేదు. ఈ పద్ధతి ఆ ఒక్క షాపుది కాదని తర్వాత నలుగురిని అడిగితే తెలిసింది.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 34 అంగుళాల ఎత్తు. అడ్వాన్స్ సగం. మనిషి తెలుగువాడే, చిత్తూరు వైపు. "మీకెందుకన్నా టెన్షన్, మనోళ్లకి తేడా చేస్తానా" అన్నాడు. బిల్లు మాటెత్తితే మాత్రం "బిల్లయితే జీఎస్టీ 18 పర్సెంట్ ఎక్స్‌ట్రా అన్నా" అని నసిగాడు. బిల్లు కావాల్సిందేనని చెప్పి, గేజ్, ప్లై గ్రేడ్ కూడా కొటేషన్‌లో రాయించుకున్నాను.

బెంచ్ చీకటి పడ్డాక వచ్చింది. (ఇలాంటి డెలివరీలు ఎప్పుడూ చీకటి పడ్డాకే ఎందుకొస్తాయో!) పెయింట్ తళతళలాడుతోంది. మర్నాడు బెంచ్ వైస్ (వస్తువుని కదలకుండా పట్టుకునే పట్టకారు) బిగించి ఒక ఇనప పట్టీని ఆకురాయితో రుద్దడం మొదలుపెడితే బెంచ్ మొత్తం నాతోపాటే ముందుకీ వెనక్కీ ఊగింది.

కాలు అడుగున ఉన్న ప్లాస్టిక్ బుష్ ఊడదీసి పైపు అంచుకి వెర్నియర్ (మందం కొలిచే సాధనం) పెట్టాను. 16 గేజ్ అంటే గోడ మందం సుమారు 1.6 ఎంఎం ఉండాలి. వచ్చింది 1.2, అంటే 18 గేజ్. బయటి నుంచి చూస్తే రెండూ 40×40 చదరపు పైపులే, కంటికి తేడా తెలియదు. తూకంలో మాత్రం దాచలేరు. 40×40లో 16 గేజ్ పైపు మీటరుకి 1.9 కిలోలు తూగుతుంది, 18 గేజ్ అయితే కిలోన్నర లోపే. నా బెంచ్ సైజుకి పైనా కిందా చట్రాలు, నాలుగు కాళ్లు, మధ్యలో ఒక అడ్డం కలిపి 14 మీటర్ల దాకా పైపు పడుతుంది. అంటే ఫ్రేమ్ ఒక్కటే 26 కిలోల పైన ఉండాలి. పై చెక్క విప్పి, ఫ్రేమ్‌ని వీధి చివర పాత ఇనప సామాన్ల షాపులో కాటా మీద పెట్టిస్తే 20 దగ్గర ఆగింది. ఆరు కిలోల ఇనుము మిగుల్చుకోవడం వాడికి పెద్ద లాభం కాకపోవచ్చు, బెంచ్‌కి మాత్రం అక్కడే ప్రాణం పోయింది.

ఇంకో సంగతి. మూలల దగ్గర పెయింట్ గీకితే కింద పుట్టీ బయటపడింది. జాయింట్ చుట్టూ పూర్తి వెల్డింగ్ చేయకుండా రెండు మూడు చోట్ల టాకాలు వేసి, మిగతా సందుని పుట్టీతో నింపి పైన రంగు కొట్టారు. తుప్పు పట్టకుండా రంగు కింద వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఊసే లేదు. డెలివరీ అప్పుడే ఒక రూపాయి బిళ్ల తీసుకుని, చట్రం అడుగున ఎవరికీ కనపడని చోట గీకి చూడండి. రంగు కింద ఎర్రగా కనిపించాలి.

ఇక ప్లై. షీటు మీద పెద్ద అక్షరాలతో "710" అని ముద్ర ఉంది. మెరైన్ ప్లైవుడ్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 710 అన్న మాట నిజమే. కానీ అంకె ముద్రించినంత మాత్రాన సరిపోదు. ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే తయారుచేసిన కంపెనీ పేరు, లైసెన్స్ చెల్లుతోందా లేదా అన్నది వచ్చేస్తుంది. నా షీటు మీద నంబరే లేదు. మందం కూడా 19 కాదు, 16కి కాస్త పైన. ఒక వాన రోజు జల్లు కొట్టిన చోట అంచు పూరీలా పొంగి పొరలు విడిపోయాయి. ఎంఆర్ (తేమకి మాత్రమే ఆగే) రకం మామూలు కమర్షియల్ ప్లైలో యూరియా జిగురు వాడతారు, అది నీళ్లకి ఆగదు. మెరైన్‌లో వాడే ఫినాల్ జిగురు ఆగుతుంది.

నిజం చెప్పాలంటే పార్కింగ్‌లో పెట్టే బెంచ్‌కి మెరైన్ ప్లై అక్కర్లేదు. జల్లు పడే చోటైతే ఐఎస్ 303 కింద వచ్చే బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి ఆగే) రకం ప్లై చాలు. ఎనిమిది బై నాలుగు అడుగుల 19 ఎంఎం షీటు ఒకటి కొని, ప్లై షాపులోనే నిలువుగా రెండుగా కోయించి, రెండింటినీ ఆరడుగులకి తగ్గించండి. ఆ రెండు ముక్కల్నీ ఒకదాని మీద ఒకటి జిగురు రాసి స్క్రూలతో బిగిస్తే ఒకటిన్నర అంగుళం మందం పైభాగం తయారవుతుంది. సుత్తి దెబ్బలకి కదలదు. మిగిలిన రెండడుగుల ముక్కలు కింద షెల్ఫ్‌కి వస్తాయి. ఇంకా చౌకగా అని పాత ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) చెక్క తెచ్చుకునేవాళ్లు ముద్ర చూసుకోండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, పర్లేదు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, వద్దు.

నా మటుకు నేను చెప్పేదేమిటంటే "మొత్తం సెట్" బేరం ఒప్పుకోకండి. ఫ్రేమ్ కిలో రేటు మీద మాట్లాడి, రంగు వేయకముందే వెళ్లి తూకం, వెల్డింగ్ చూసుకోండి. ప్లై మీరే కొనండి.

ఇక నా సంగతి. ఆ షాపతనికి ఫోన్ చేస్తే మొదట "చూస్తా అన్నా" అన్నాడు, ఆ తర్వాత ఎత్తడం మానేశాడు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర ఉంది కాబట్టి తనకేం కాదనుకున్నట్టున్నాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వనన్నా అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు రాజీ కుదర్చగలరే గానీ బలవంతం చేయలేరు. అయినా ఫిర్యాదు నంబరు, వెర్నియర్ ఫోటోలు, కాటా చీటీ, తను పంపిన కొటేషన్ అన్నీ కలిపి వాట్సాప్‌లో పెట్టాక ప్లై డబ్బులు వెనక్కి వేశాడు. ఫ్రేమ్ సంగతి మాత్రం తేలలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫిర్యాదు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఆ కాగితాలు సిద్ధం చేస్తున్నాను. ఇదే రకం సెట్ కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే ముందు కాలి కింద బుష్ తీసి కొలవండి. తేడా ఉంటే బిల్లు ఫోటోతో నాకు మెసేజ్ పెట్టండి.