పాలమూరు వ్యాపారులు జర పైలం: యాడ్ డబ్బులు ఏజెన్సీ అకౌంట్లో వేయకండి

మహబూబ్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట వైపు షాపులు నడిపే అన్నలకు, అక్కలకు ఈ మాట. ఈ మధ్య డిజిటల్ మార్కెటింగ్ వాళ్లు మన ఊళ్లలో బాగా తిరుగుతున్నారు. కొందరు హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తారు, కొందరు ఇక్కడి పిల్లలే, నేరుగా కౌంటర్ దగ్గరికే వస్తారు. అందరూ మోసగాళ్లని అనను. మాకు దసరా సీజన్‌లో తగిలిన ఏజెన్సీ లాంటిది మాత్రం మీకు తగలకూడదు. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు.

మాది చీరల షాపు. నారాయణపేట, గద్వాల చేనేత ఎక్కువగా పెడతాం. వాళ్ల ప్యాకేజీ నెలకు 30 వేలు. అందులో 20 వేలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ యాడ్స్‌కు, మిగతాది వాళ్ల చార్జీ. మొత్తం వాళ్ల అకౌంట్‌కే కొట్టాలి. "మీకెందుకక్కా టెన్షన్, అంతా మేం చూసుకుంటాం" అన్నారు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

నెలాఖరుకు రంగురంగుల పీడీఎఫ్ వచ్చింది. రెండు లక్షల మంది చూశారట. షాపుకొచ్చిన ఫోన్లలో సగం సూరత్ నుంచే, "హోల్‌సేల్‌లో చీరలు మేమే పంపుతాం మేడమ్" అని! గూగుల్ యాడ్స్‌లో ఊరు ఎంచుకున్నా, సెట్టింగ్ మార్చకపోతే ఆ ఊళ్లో ఉండేవాళ్లకే కాక, ఆ ఊరి మీద ఆసక్తి చూపించిన బయటివాళ్లకు కూడా యాడ్ పోతుంది. అది మార్చడం ఒక్క నిమిషం పని. చేసే ఓపిక లేదు వాళ్లకు.

ఇంకో ముచ్చట. జడ్చర్ల నుంచి ఒకామె ఫోన్ పట్టుకొని వచ్చింది, "గీ చీరే కావాలె, గీ రేటుకే ఇయ్యాలె" అని. చూస్తే ఫోటోలో ఉన్నది కంచిపట్టు, ఇంటర్నెట్‌లో దొరికింది. కింద రాసింది నారాయణపేట కాటన్, వేసిన రేటు కాటన్‌దే. గళ్ల చీరకూ, నిండా జరీ ఉన్న పట్టుకూ తేడా తెలియని వాళ్లు మన సరుకుకు యాడ్ చేశారన్నమాట. ఆమెకు సర్దిచెప్పి పంపేసరికి షాపులో ఉన్న మిగతా గిరాకీ కూడా మమ్మల్ని అనుమానంగా చూసింది.

"తమ్ముడూ, లాప్‌టాప్‌లో యాడ్స్ మేనేజర్ తెరిచి, ఎంత ఖర్చయిందో ఒక్కసారి చూపించు" అని అడిగాం. ఒకరోజు సర్వర్ ప్రాబ్లమ్, ఇంకోరోజు వేరే క్లయింట్ల డేటా ఉందని సాకు. గట్టిగా కూర్చుంటే బయటపడింది: 20 వేలల్లో నిజంగా యాడ్స్‌కు పోయింది ఆరు వేల లోపే. లెక్క అడిగినందుకు మా షాపు గూగుల్ ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ రెండూ వాళ్ల మెయిల్ కిందే పెట్టుకొని, బ్యాలెన్స్ కడితేనే ఇస్తామన్నారు.

అందుకే చెప్తున్నా, ఏజెన్సీ అయినా ఫ్రీలాన్సర్ అయినా వాళ్ల మాటలు వినేముందు యాడ్ అకౌంట్ ఎవరి పేరు మీద ఉంటుందో తేల్చుకోండి. గూగుల్ యాడ్స్ అకౌంట్ మీ మెయిల్‌తో తెరవండి. దానికి పది అంకెల కస్టమర్ ఐడీ ఉంటుంది, ఏజెన్సీకి అది ఇస్తే చాలు. వాళ్లు రిక్వెస్ట్ పంపుతారు, మీరు ఒప్పుకుంటారు, పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన పనే లేదు. ఫేస్‌బుక్‌లో కూడా పేజీ పూర్తి కంట్రోల్ మీ దగ్గరే పెట్టుకొని, వాళ్లను పార్ట్‌నర్‌గా కలపొచ్చు. యాడ్ డబ్బులు మీ కార్డు నుంచో యూపీఐ నుంచో నేరుగా గూగుల్‌కు, మెటాకు (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే కంపెనీ) కట్టండి. రసీదు మీ పేరునే వస్తుంది. ఏజెన్సీకి ఇచ్చేది వాళ్ల పనికి ఫీజు మాత్రమే. దీనికి ఒప్పుకోని వాళ్లకు టీ ఇచ్చి పంపేయండి.

గూగుల్ మ్యాప్స్‌లో మీ షాపు ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్ మీరే ఉండాలి, వాళ్లు మేనేజర్‌గా ఉంటే చాలు. ఇప్పటికే ఎవరి చేతిలోనో ఇరుక్కుంటే ఓనర్‌షిప్ కోసం గూగుల్‌కు రిక్వెస్ట్ పెట్టొచ్చు. అవతలివాళ్లు జవాబివ్వడానికి మూడు రోజుల గడువు ఉంటుంది. వెబ్‌సైట్ డొమైన్ (దాని అడ్రస్ పేరు) కూడా మీ పేరు, మీ మెయిల్ మీదే కొనిపించండి.

"ఆ షోరూమ్ మా క్లయింటే" అని లోగోలు చూపిస్తే నమ్మకండి. మెటా యాడ్ లైబ్రరీ అందరికీ తెరిచే ఉంటుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. ఆ షోరూమ్ పేజీ పేరు కొడితే ఇప్పుడు నడుస్తున్న యాడ్స్, అవి ఎప్పుడు మొదలయ్యాయో కనిపిస్తాయి. ఆగిపోయిన మామూలు యాడ్స్ కనిపించవు కాబట్టి, ఖాళీగా ఉంటే ఆ షోరూమ్‌కే ఫోన్ చేసి అడగండి. మేం అలా అడిగితే ఒకాయన "ఆ పిల్లగాడా, ఒక్క పోస్టర్ చేసిచ్చిండు" అన్నాడు.

గూగుల్‌లో ఫస్ట్ ర్యాంకు గ్యారంటీ అంటే అక్కడే ఆపేయండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెప్తోంది. వంద రివ్యూలు వేయిస్తామన్నా అంతే, దొంగ రివ్యూలను తీసేయడమే కాదు, గూగుల్ మీ ప్రొఫైల్ మీదే ఆంక్షలు పెట్టొచ్చు.

బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేస్తే నంబర్ చూడండి. 15 అక్షరాలు ఉంటుంది, తెలంగాణదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే పేరు, యాక్టివ్‌గా ఉందా రద్దయిందా తెలిసిపోతుంది. ఏడాదికి 20 లక్షలు దాటని ఫ్రీలాన్సర్‌కు సాధారణంగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది తప్పు కాదు. కానీ నంబర్ లేకుండా జీఎస్టీ వసూలు చేస్తే మాత్రం ఆ డబ్బు ప్రభుత్వానికి పోదు.

ఇప్పటికే దెబ్బతిన్నవాళ్లు వాట్సాప్ చాట్లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు తుడిచేయకండి. డబ్బు తీసుకొని మాయమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, సేవలో లోపమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వ్యాపారం కోసం తీసుకున్న సేవకు వినియోగదారుల చట్టం వర్తించదని ఏజెన్సీ వాళ్లు బెదిరిస్తారు. 2019 చట్టంలో, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకున్న వస్తువులకు మినహాయింపు ఉంది, సేవల మాట మాత్రం అందులో రాయలేదు. చిన్న షాపు మీరే కూర్చొని నడుపుతుంటే ఆ ముక్క లాయర్‌కు చూపించి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలబడుతుందో లేదో అడగండి. మేం ఆ కాగితాలే సిద్ధం చేస్తున్నాం. అదే ఏజెన్సీ మీకూ కొటేషన్ ఇచ్చిందేమోనని అనుమానం ఉంటే షాపుకొచ్చి అడగండి, మా బిల్లులు చూపిస్తాం.