కుందులి శుక్రవారం సంత: తక్కువ సరుకుతో ఇల్లు నడిపేవాళ్ల కోసం నా రివ్యూ

ఒడిశా కోరాపుట్ జిల్లాలో సునాబెడ, సెమిలిగుడ వైపు ట్రాన్స్‌ఫర్ మీద కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు, కూరగాయలు, పప్పులు ఎక్కడ కొంటున్నారండీ అని. శుక్రవారం కుందులి సంతకి వెళ్లండి అంటాను. అయితే చీప్‌గా వస్తాయి కాబట్టి వెళ్లండి అని మాత్రం చెప్పను. చవగ్గా ఇస్తున్నారు కదా అని అవసరం లేనివన్నీ సంచీ నిండా మోసుకొచ్చి మంగళవారానికల్లా పారేసేవాళ్లకి సంతంత ఖరీదైన చోటు ఇంకోటి లేదు.

కుందులి సెమిలిగుడ దాటాక పొట్టంగి, సాలూరు వైపు వెళ్లే 26వ నంబరు హైవే మీదే ఉంటుంది, కోరాపుట్ జిల్లా పెద్ద సంతల్లో ఇదొకటి. ఈ కొండల మీద ఎండాకాలం కూడా కిందంత మండదు కాబట్టి కేబేజీ, కాలీఫ్లవరు, బీన్స్, బఠాణీ, అల్లం బాగా పండుతాయి, పండించినవాళ్లే నెత్తిన గంపతోనో కావిడితోనో పొద్దున్నే దిగుతారు. హోల్‌సేల్ బేరగాళ్లు కూడా ఆ టైముకే వచ్చేస్తారు. అందుకే బేగి వెళ్లాలి, మంచి సరుకు చూసుకోవచ్చు. మధ్యాహ్నం దాటాక వెళ్తే రేటు తగ్గుతుంది నిజమే గాని అప్పటికి మిగిలింది వాడిపోయి ఉంటుంది, రెండ్రోజుల్లో వండేసుకునేవాళ్లకైతే అదీ మంచి బేరమే.

అల్లం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దుంప చిన్నది, వంకర టింకరగా, సందుల్లో ఎర్రమట్టి ఇంకా తడిగా అంటుకుని ఉంటుంది. విరిస్తే పీచు సాగుతుంది, ఆ ఘాటు వెంటనే ముక్కుకి తగులుతుంది. షాపుల్లో కడిగి మెరిపించి పెట్టిన లావు అల్లం ఎంత వేస్తామో దాంట్లో సగం వేసినా టీ ఘాటుగానే ఉంటుంది, కాబట్టి కిలో రేటు కాస్త ఎక్కువ చెప్పినా నేను దీన్నే కొంటాను. మట్టి కడక్కుండా గాలి తగిలే చోట బుట్టలో పడేస్తే చాన్నాళ్లు ఉంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఇక్కడి పోగు పద్ధతి. గోనెపట్టా మీద నాలుగు టమాటాలు, గుప్పెడు పచ్చిమిర్చి, రెండు ముల్లంగి, ఇలా చిన్న చిన్న పోగులు పెట్టుకుని కూర్చుంటారు. ఇద్దరే ఉన్న ఇంటికి ఒక పోగు చాలు. అదే పెద్ద షాపులో అయితే అరకిలో ప్యాక్ చేసి పెట్టేస్తారు, పావుకిలో కావాలన్నా దొరకదు, రెండు కొంటే ఒకటి ఫ్రీ అని బోర్డు ఒకటి, ఆ ఫ్రీది ఇంట్లో పురుగు పడుతుంది. నా దృష్టిలో పొదుపు అంటే కిలో మీద ఎంత తగ్గిందన్నది కాదు, వారం చివర చెత్తబుట్టలో ఎంత పడిందన్నది చూసుకోవాలి.

పప్పుల దగ్గరా అంతే. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేస్తున్నారు, బ్రాండు ఉన్నా లేకపోయినా. లూజుగా తూచి ఇచ్చినదానికి అది లేదు. ఇక్కడ కందులు, ఉలవలు, బొబ్బర్లు, సామలు, వలిసెలు (నూనెగింజలు), చోళ్లు (రాగులు) అన్నీ లూజే. కాకపోతే రాళ్లుంటాయి, మట్టిగడ్డలుంటాయి, చెరిగి ఏరుకోవాలి, ఆ ఓపిక లేనివాళ్లు ప్యాకెట్టే కొనుక్కోవడం మేలు, మధ్యలో పారేయడం కంటే.

ఒక జాగ్రత్త. గింజలు కొందరు కాటా వేసి ఇస్తారు, కొందరు డబ్బాతో కొలిచి ఇస్తారు. ఆ డబ్బాలు అందరివీ ఒకే సైజు ఉండవు, పక్కావిడ తక్కువ చెప్పిందని అటు పోతే డబ్బా కూడా చిన్నదే అయి ఉండొచ్చు. నేను కొక్కేనికి వేలాడదీసే చిన్న చేతి కాటా ఒకటి సంచీలో పెట్టుకెళ్తాను, వాళ్లని అనుమానించడానికి కాదు, రెండు చోట్ల రేటు పోల్చుకోవడానికి.

బేరం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం. చోళ్లకి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2025-26కి క్వింటాలుకి 4886 రూపాయలు, అంటే కిలోకి దగ్గర దగ్గర 49. చిరుధాన్యాల కోసం పెట్టిన ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో కోరాపుట్ ఒకటి, దాని కిందే ప్రభుత్వం చోళ్లు కొనడం మొదలుపెట్టింది. అలాంటిది కొండ దిగి నడిచొచ్చిన మనిషి దగ్గర కూర్చుని అంతకంటే కిందకి లాగడం పొదుపు కాదు, దోచుకోవడం. పోగు ఇరవై అంటే ఇరవై ఇచ్చి తీసుకోండి. కావాలంటే రెండు పోగులు కొనే చోట ఒకటి కొనండి, డబ్బు అక్కడ మిగులుతుంది.

బాగాలేనివి కూడా చెప్పాలి కదా. వానాకాలం బురద చీలమండల దాకా వస్తుంది, చెప్పులు ఊడిపోతాయి. హైవే పక్కనే కావడంతో బళ్లు, లారీలు, మనుషులు అందరూ ఒకే చోట, చిన్నపిల్లల్ని తీసుకెళ్తే చెయ్యి వదలకూడదు. పల్చటి ప్లాస్టిక్ కవర్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, ఆకుకూర కట్ట కూడా అందులో పెట్టి ఇవ్వబోతారు, ముందే గుడ్డసంచీ చాపాలి. ఫోన్ పే అందరి దగ్గరా ఉండదు, పది, ఇరవై నోట్లు చిల్లరగా పట్టుకెళ్లండి, ఆ చిల్లర అయిపోతే కొనడం కూడా ఆగుతుంది, అదో లాభం.

మా ఇంట్లో పద్ధతి ఏంటంటే గురువారం రాత్రి డబ్బాలు తెరిచి చూస్తాం, అడుగు కనబడినవే చీటీలో రాస్తాం. సగం ఉన్న ఉలవల డబ్బా ఉండగా ఎంత మంచి ఉలవలు కనబడినా కొనేది లేదు. కొత్త డబ్బా కొనడం అసలే లేదు. చీటీలో లేనిది ఒక్కటి కొనుక్కోవచ్చు, ఆ సీజన్లో మాత్రమే వచ్చేది, అంతే. చింతపండు, కొండచీపుళ్లు మాత్రం ఏడాదికోసారి సీజన్లో తీసుకుంటాం, ఇవి నిలవుంటాయి.

నూనె, సబ్బులు మాత్రం సంత కోసం ఆపుకోకండి, అవి సెమిలిగుడలో ఏ కిరాణాలో అయినా ఒకటే. నూనె ప్యాకెట్ కొనేటప్పుడు గ్రాములు చదవండి. లీటరు సన్‌ఫ్లవర్ నూనె 910 గ్రాముల దాకా తూగాలి, ఇప్పుడు చూడ్డానికి అదే సైజులో 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి, రేటు తగ్గిందనుకుంటే తగ్గింది నూనె. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు బ్రాండ్లు పక్కపక్కన పెట్టి అదొక్కటే చూసుకుంటే సరిపోతుంది.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటీ బురదకీ, కవర్లకీ తగ్గించాను.