అవకాశం మాటల కార్డుల కిట్, మా పాపకి బాగా పనికొచ్చింది

మా పాప ఐదో క్లాసు, దానికోసం తెప్పించా, ఇందులో ఒక డైస్, కాయిన్, రంగు పూసల సంచీ, ఇంకా "జరగనే జరగదు" నుంచి "తప్పకుండా జరుగుతుంది" దాకా మాటలు రాసిన కార్డులు ఉన్నాయి, వాటిని 0 నుంచి 1 దాకా గీతలున్న పట్టీ మీద పెట్టాలి. డైస్ వేస్తే 7 పడటం సున్నా దగ్గర, కాయిన్ ఎగరేస్తే బొమ్మ పడటం సరిగ్గా మధ్యలో, ఇవి చకచకా పెట్టేసింది. 6 పడటం కూడా తీసుకెళ్ళి "సగం సగం" దగ్గరే పెట్టింది, పడితే పడుద్ది లేకపోతే లేదు, రెండే కదా నాన్నా అంది! సరే అని ఇద్దరం కూర్చుని 60 సార్లు వేసి గీతలు గీసుకుంటూ పోయాం, 6 పడింది 11 సార్లే, నేనేం చెప్పకుండానే కార్డు తీసి 1/6 దగ్గరికి జరిపింది, నాకైతే ఆ ఒక్కదానికే కిట్ కొన్నందుకు చాలా సంతోషమేసింది. నచ్చనిదల్లా "బహుశా" కార్డుకి ఒకే చుక్క పెట్టడం, ఆ మాట ఒకళ్ళకి సగానికి కాస్త ఎక్కువ, ఇంకొకళ్ళకి దాదాపు ఖాయం, అందుకే ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ నివేదికల్లో "లైక్లీ" అంటే 66 నుంచి 100 శాతం, "వెరీ లైక్లీ" అంటే 90 నుంచి 100 అని హద్దులు పెట్టుకుని రాస్తారు, ఇక్కడా చుక్క బదులు ఒక పొడుగు గీత ఇవ్వాల్సింది. పూసలు మరీ చిన్నవి, పాకే పిల్లలుంటే జాగ్రత్త.