హ్యాంగర్ కప్పుకు బాల్ నోడ్ స్పేస్ ఫ్రేమ్: సరుకు మంచిదే, బోల్టు మీద ఓ కన్నేయండి

విమానాల రిపేరు హ్యాంగర్‌కు తలుపు వైపు మధ్యలో స్తంభం పెట్టే వీల్లేదు. బోయింగ్ 777-300ఈఆర్ రెక్కల వెడల్పే 64.8 మీటర్లు. అంటే 80 మీటర్ల దారి వదిలి, కప్పును మూడు వైపులే ఆనించాలి. ఉక్కు గొట్టాలను బంతుల దగ్గర కలిపి పై వరస, కింది వరసగా అల్లే బాల్ నోడ్ ఫ్రేమ్ ఇక్కడ బాగా పనికొస్తుంది. 1940లలో జర్మనీలో మెంగరింగ్‌హౌజెన్ తెచ్చిన మెరో పద్ధతే దీనికి మూలం: మర రంధ్రాలున్న ఉక్కు బంతి, గొట్టం చివర బోల్టు, దాన్ని తిప్పే ఆరు పలకల తొడుగు (స్లీవ్). గొట్టాల మధ్యరేఖలన్నీ బంతి నడిమధ్యే కలుస్తాయి కాబట్టి జాయింట్ దగ్గర అదనపు వంపు పుట్టదు. సైట్లో వెల్డింగ్ దాదాపు ఉండదు. నేల మీద బిగించి జాకులతో ఎత్తేయొచ్చు.

మార్కులు పోయేది బోల్టు దగ్గర. అది లోపల దాగి ఉంటుంది. స్లీవ్ బంతికి ఆనినట్టు కనిపించినా మరలు సగమే దిగి ఉండొచ్చు. మామూలు బరువుకు పై వరస గొట్టాలు నొక్కుడులో ఉంటాయి. ఆ బలం స్లీవ్ గుండా పోతుంది, బోల్టుకు పనే పడదు. తలుపు తెరిచి ఉండగా పెనుగాలి వస్తే లోపలి గాలి కప్పును తోస్తుంది, బయటి గాలి పైకి లాగుతుంది. కప్పు తేలిక కాబట్టి బలాలు తిరగబడి పై వరస లాగుడులోకి వస్తుంది. సగం దిగిన బోల్టు గుట్టు అప్పుడే బయటపడుతుంది.

అందుకే స్లీవ్‌లో గాడి, పిన్ను ఉన్న రకమే అడగండి. బోల్టు పూర్తిగా దిగి పిన్ను గాడి చివరికి చేరిందో లేదో ప్రతి జాయింట్ దగ్గరా చూసి, రంగు చుక్క పెట్టించండి, అదీ కప్పు నేల మీద ఉన్నప్పుడే. ప్రతి గొట్టానికీ నొక్కుడు, లాగుడు రెండు అంకెలూ డిజైన్‌లో ఉండాలి. హైదరాబాద్ లెక్కతో విశాఖలో కట్టకూడదు: కట్టడాల మీద పడే బరువులు, గాలి లెక్కల భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం గాలి వేగం హైదరాబాద్‌లో 44 మీ/సె, విశాఖలో 50. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తేడా 29 శాతం. తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు తుఫాను గుణకం అదనం.

తలుపు అంచున మూడు వరసల ఫ్రేమ్ తీసుకోవడం మేలు. 80 మీటర్లకు 400వ వంతు వంగినా 200 మి.మీ. తలుపు పై గైడ్‌లో ఆ ఖాళీ కిందికే కాదు, పైకీ ఉండాలి. లేదంటే తలుపు పట్టేస్తుంది. క్రేన్ పట్టాలు బంతుల దగ్గరే వేలాడదీయాలి, గొట్టం మధ్యలో కాదు.

ఒక్క ఎయిర్‌బస్ ఏ320 విమానం పట్టే 45 మీటర్ల షెడ్డుకు ఇదంతా దండగ, మామూలు ట్రస్సు చాలు.