8×42 బైనాక్యులర్స్: ఆరు నెలలు పెరట్లో పిట్టల కోసం వాడాక

మా పెరట్లో మందార చెట్టు మీదికి రోజూ తేనెపిట్టలొస్తాయి. మెరిసేది మగది, పసుప్పచ్చది ఆడది, అన్నీ ఒక్కటే జాతి అనుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాను. ఇవి కొన్న నాలుగో రోజు ఒకే కొమ్మ మీద రెండు ఆడపిట్టలు పక్కపక్కనే వాలాయి. ఒకదానికి గొంతు దగ్గర్నుంచి పొట్ట దాకా లేత పసుపు. రెండోదానికి రొమ్ము పసుపే గానీ గొంతు మాత్రం సున్నం వేసినట్టు తెలుపు, పక్కలు కూడా తెలుపే. మొదటిది పర్పుల్ సన్‌బర్డ్, రెండోది పర్పుల్ రంప్డ్ సన్‌బర్డ్. ఆ రోజు మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేదాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

నేను 31 ఏళ్లు రంపచోడవరం వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. మలేరియా స్లైడ్లే ఎక్కువ చూసేదాన్ని. వైవాక్స్ రకం మలేరియా క్రిమి అయితే ఎర్రకణం ఉబ్బుతుంది, ఫాల్సిపారం రకమైతే ఉబ్బదు. మందు దాన్నిబట్టే మారుతుంది. ఒకేలా కనిపించేవాటిలో తేడా పట్టుకోవడం చేసిన పనే కాబట్టి, కళ్లకు పెట్టుకునే వస్తువు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. రిటైరై కాకినాడలో స్థిరపడ్డాక ఓ ఎగ్జిబిషన్ స్టాల్లో 1,400 పెట్టి జూమ్ బైనాక్యులర్స్ కొన్నాను. డబ్బా మీద 20 రెట్లని ఉంది. అద్దాలు ఎర్రగా మెరుస్తుంటే మంచి పూతేమో అనుకున్నాను. బొమ్మ మసక, అంచులు వంకర. అన్నిటికంటే పెద్ద లోపం, ఇరవై అడుగుల లోపల ఉన్నది దేనికీ ఫోకస్ కుదరదు. నా మందార చెట్టు కిటికీకి పదడుగులే.

అందుకని ఈసారి బ్రాండు చూడలేదు, అంకెలు చూశాను. ఈ తరహావి చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి, మీరూ అంకెలే చూడండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది. 42 అంటే ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటికి చేరే వెలుగు కట్ట అంత వెడల్పన్నమాట. తెల్లవారి ఆరింటికి జామచెట్టు నీడలో పిట్ట రంగు తెలియాలంటే ఆ వెలుగే కావాలి. పది రెట్లవి తీసుకోమని షాపతను గట్టిగానే చెప్పాడు. చేతిలోకి తీసుకుని ఎదురింటి డాబా మీద పావురాన్ని చూశాను. నా చేతి వణుకు కూడా పది రెట్లయింది. వెనక్కి ఇచ్చేశాను.

అడగాల్సిన మరో అంకె, ఎంత దగ్గరి వస్తువుకు ఫోకస్ కుదురుతుందని. నావాటికి 2 మీటర్లు. అడవుల్లో తిరిగేవాళ్లకు ఇది అంత ముఖ్యం కాకపోవచ్చు గానీ, పెరట్లో చూసేవాళ్లకు మాత్రం అన్నిటికంటే ముందు చూడాల్సిందిదే.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కంటికీ అద్దానికీ ఎంత ఎడం ఉన్నా బొమ్మ నిండుగా కనిపిస్తుందో ఆ దూరం. దీనికి 17 మిల్లీమీటర్లు ఇచ్చారు. కంటి దగ్గరి రబ్బరు కప్పులను తిప్పి కిందికి దించేస్తే, జోడు తీయకుండానే పూర్తి వలయం కనిపిస్తోంది. కుడి కంటి దగ్గర చిన్న రింగు ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. ముందు కుడివైపు మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకోండి. తర్వాత ఎడమవైపు మూసి ఆ రింగుతో కుడి కంటికి సరిచేసుకోండి. ఒక్కసారి చేస్తే చాలు, తలనొప్పి రాదు.

ఇక పిట్టలతో పరీక్ష. నిరుడు సెప్టెంబరులో కొన్నాను. అక్టోబరులో కొన్ని పిట్టలు అచ్చం ఆడవాటిలాగే పసుప్పచ్చగా ఉండి, గొంతు నుంచి పొట్ట దాకా నడిమధ్యన కలంతో గీసినట్టు ముదురు గీతతో కనిపించాయి. అవి పర్పుల్ సన్‌బర్డ్ మగవే. గూడు పెట్టే కాలం అయిపోయాక ఆ మెరుపు ఈకలు రాల్చేస్తాయి. సంక్రాంతి దాటాక వాటి ఒంటి మీద నల్ల మచ్చలు మొదలై, శివరాత్రికల్లా నెమలికంఠం రంగు నిండిపోయింది. పర్పుల్ రంప్డ్ మగది ఇలా వేషం మార్చదు. ఏ నెలలో చూసినా పొట్ట పసుపే, మెడ కింద ముదురెరుపు పట్టీ.

మామిడి కొమ్మకు బదనిక పట్టింది, చెట్టు మీదే పెరిగి దాని సారం పీల్చే మొక్క. కొట్టించేద్దామనుకుంటుండగా అక్కడ టిక్ టిక్‌మంటూ ఓ పిట్ట. ఎనిమిది సెంటీమీటర్లుంటుందేమో, బూడిద కలిసిన మట్టి రంగు, చెప్పుకోదగ్గ గుర్తు ఒంటి మీద ఒక్కటీ లేదు. ఆడ తేనెపిట్టేమో అనుకుంటాం. ముక్కు చూస్తే తేలిపోతుంది. పొట్టిగా, లేత గులాబీ రంగులో ఉంది. పేల్ బిల్డ్ ఫ్లవర్‌పెకర్ అది. బదనిక పండు మింగుతుంది, బంక పట్టిన గింజ ఇంకో కొమ్మకు అంటుకునేలా చేస్తుంది. బదనిక వ్యాపించేది ఎక్కువగా ఇలాంటి పిట్టల వల్లే. ఆ కొమ్మ నేను కొట్టించలేదు.

కంచె దగ్గర తోక నిక్కించుకు తిరిగే రెండిటికీ ఇంతే. నెత్తిన ఇటికరంగు టోపీ, పచ్చని వీపు ఉంటే దర్జీపిట్ట. వీపు బూడిదరంగై, తోక చివర్న నల్ల చుక్కలుంటే యాషీ ప్రినియా. ఆకులు కుట్టిన గూడు కనిపించగానే దర్జీపిట్టదే అనుకోకండి, ప్రినియా కూడా కుడుతుంది.

లోపాలూ చెప్పాలి. ప్రకాశవంతమైన ఆకాశం ముందు పిట్ట ఉంటే దాని అంచు వెంబడి సన్నటి ఊదా గీత కనిపిస్తుంది. అద్దం తెచ్చే రంగది, పిట్టది కాదు. ఊదా రంగు పిట్టల్ని గుర్తుపట్టడానికి కొన్నవాళ్లకు ఇది చిన్న లోపం కాదు. సూర్యుణ్ణి వీపువైపు పెట్టుకుని చూస్తే ఆ గీత కనిపించదు, అసలు మెరుపూ బయటపడుతుంది. పొరపాటున కూడా ఎండవైపు తిప్పకండి, కళ్లు పోతాయి. మెడ పట్టీ సన్నం, పావుగంటకే ఒరుసుకుంటుంది, నేను పాత చీర అంచు కుట్టుకున్నాను. బరువు 640 గ్రాములు, మోచేతులు కిటికీ గూట్లో ఆనించాల్సిందే. సంచి జిప్పుకి మూడో నెలకే ఉప్పుగాలి తుప్పు పట్టింది. సముద్రం పక్కన ఉండేవాళ్లు ఆ సంచిలో అసలు ఉంచకండి, అద్దాలకు బూజు పడుతుంది. ల్యాబులో మైక్రోస్కోపులను బల్బు వెలిగే బీరువాలో పెట్టేవాళ్లం. ఇంట్లో మూత బిగువుగా ఉన్న స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాను. నీలం గింజలు గులాబీకి తిరగ్గానే మారుస్తున్నాను.

11,800 అయింది. నా లెక్కలో అయిదుకు నాలుగు.

పిల్లల కోసమైతే మాత్రం ఇవి వద్దు. పక్కింటి ఏడో తరగతి పిల్లాడు రోజూ వస్తాడు. మొదట్లో "మామ్మగారూ, నాకు రెండు గుండ్రాలు కనపడుతున్నాయండి" అనేవాడు. వాడి కళ్ల మధ్య ఎడం తక్కువ, గొట్టాలు అంత దగ్గరికి ముడుచుకోవు. ఇప్పుడు ఒక గొట్టంతోనే చూసి, వచ్చింది తెల్ల గొంతుదో పసుపు గొంతుదో నాకంటే ముందే చెబుతున్నాడు. ఉగాదికి వాడికోసం 8×32 చూస్తున్నాను. తేలిక, గొట్టాలూ సన్నం. కొనేముందు వాణ్ణి షాపుకి తీసుకెళ్లి వాడి కళ్లకే పెట్టి చూడాలి.